తోటలో తీగబండి

నదికి వంతెన లేనిచోట మనుష్యుడు తీగపై జాఱి యావలి గట్టు చేరుట క్రొత్త సంగతి కాదు. చైనాదేశమునందలి యున్నాన్ రాష్ట్రములో నూజియాంగ్ అను నది యొకటి కలదు. దిగువ దేశములలో దానికే సాల్వీన్ అని పేరు. అది మిక్కిలి లోతైన లోయలో, పడవ నిలువరాని వేగముతో పాఱును. ఆ లోయలో నివసించు లీసూ జాతివారు వెదురుబద్దలను పేని లావైన మోకులు చేసి, యొడ్డునుండి యొడ్డునకు వాలుగా కట్టి, కొయ్యతో చేసిన జాఱుడుదిమ్మ నొకదానిని మోకుపై నుంచి, దానినుండి వ్రేలాడుచు నదిని దాటెడివారు. పోవుట కొక మోకు, వచ్చుట కొక మోకు. ఏలయన జాఱుట పల్లమునకే గాని మెట్టకు సాధ్యము కాదుగదా! తరువాత వెదురు మోకులకు బదులు ఉక్కు తీగలు వచ్చినవి. పిల్లలు బడికి పోవుటకును, స్త్రీలు సంతకు పోవుటకును, మేకలను పందులను నడుమున కట్టుకొని కొనిపోవుటకును అదియే దారిగా నుండెను. 2010 తరువాతి సంవత్సరములలో అచ్చటి ప్రభుత్వము పెక్కు చోట్ల ఆ తీగలకు బదులుగా వంతెనలు కట్టించినది.

నేపాళమున ఇట్టిదానిని తుయిన్ అందురు. తీగనుండి వ్రేలాడు చిన్న పెట్టెలో కూర్చుండి త్రాటిని చేతులతో లాగుకొనుచు నది దాటవలెను. గిలకలో నలిగి వ్రేళ్లు పోగొట్టుకొనినవారును, తీగ తెగి నదిపాలైనవారును అచ్చట కలరు. 2015 తరువాత అచ్చటి ప్రభుత్వముకూడ వానిని తీసివేసి వ్రేలాడు వంతెనలు నిర్మించుటకు పూనుకొనినది.

ఒకచోట ప్రాణావసరమైనది మఱియొకచోట వేడుక యగుట లోకసహజము. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1897లో ప్రకటించిన అదృశ్య మానవుని నవలలో గ్రామపు పండుగ యొకటి వచ్చును. అందు వాలుగా కట్టిన త్రాటిపై గిలకపిడి పట్టుకొని జాఱి, కొనయందున్న సంచికి వేగముగా కొట్టుకొను వినోదము చెప్పబడినది. ఆ సంచిని మీరు జ్ఞాపకముంచుకొనుడు. దానితో మనకు ముందు పని కలదు. 1970వ దశకమున కోస్టారికా దేశపు అడవులలో డొనాల్డ్ పెర్రీ అను జీవశాస్త్రజ్ఞుడు చెట్లకొనలయందలి పక్షులను, పురుగులను, పూవులను చూచుటకై త్రాళ్లపై సంచరించెను. 1990వ దశకమునుండి ఆ దేశమందే అది యాత్రికుల వినోదమై, పిమ్మట లోకమంతట వ్యాపించినది. దీనినే నేడు జిప్‌లైన్ అనుచున్నారు. మన దేశమునను కొండప్రదేశములలోని విహారస్థలములయందు దీనిని చూడవచ్చును. అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో గృహస్థులు తమ పెరటి చెట్లకే కట్టుకొనుచున్నారు. మా యింట దీనిని పిల్లలు "తీగబండి" అనిరి. ఆ పేరే నాకు నచ్చినది.

వేడుకయని చెప్పి వెనుకటి సంగతి దాచరాదు. అమెరికాలో 1997 మొదలు 2012 వఱకు జిప్‌లైన్లవలన దెబ్బతిని ఆసుపత్రుల అత్యవసర విభాగములకు వచ్చినవారు సుమారు 16,850 మంది యని 2015లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో నున్నది. వారిలో నూటికి 45 మంది పదియేండ్లలోపు పిల్లలు. నూటికి 77 మందికి క్రిందపడుటచేతనే దెబ్బ తగిలినది. దేనికైనను కొట్టుకొనినవారు నూటికి 13 మంది. ఎముక విఱిగినవారు నూటికి 46 మంది. ఈ లెక్కలను నేను రెండుమాఱులు చదివితిని. భయపడి పుస్తకము మూయుటకు గాదు. ఏది జరుగుచున్నదో తెలిసినప్పుడు దేనిని వారింపవలెనో తెలియును. పడుట మొదటిది, కొట్టుకొనుట రెండవది. తీగ తెగుటకంటె ఇవియే పిల్లల నెక్కువగా బాధించుచున్నవి.

ఈ సంగతి నే నింతగా విచారించుటకు కారణము మా మరిది. అతనికి జీపుపై కొండలు, వాగులు, బురదలు త్రొక్కుట సరదా. బురదలో దిగబడిన బండిని పైకి లాగుటకు వలసిన సామగ్రి యంతయు ఒక ఇనుప పెట్టెలో నుంచుకొని తిరుగుచుండును. వేసవి సెలవులకు మా యింటికి వచ్చి, తోటలో కాలువగట్టుమీది చింతచెట్టును, పల్లమునందలి వేపచెట్టును చూచి, ఆ రెంటినడుమ తొంబది యడుగుల దూరమున్నదని కొలిచి, పిల్లలకు తీగబండి కట్టెదనని మాట యిచ్చివేసెను. మా యమ్మాయికి పదునొకండేండ్లు, చిన్నవానికి ఎనిమిది. ఇక ఆ దినము వారికి అన్నము సహింపలేదు.

నేను సందేహించుట చూచి అతడు నవ్వి, "వదినా, రెండు టన్నుల జీపును బురదలోంచి లాగిన తాడిది. ముప్పై కిలోల పిల్లను మొయ్యలేదా?" అనెను.

వినుటకు ఎంత న్యాయముగా నున్నది! కాని దీనికి ప్రత్యుత్తరము ప్రతి గృహిణికిని తెలిసినదే. మనము బట్టలారవేయు దండెము నొకమాఱు తలచుకొనుడు. దండెమును కొంచెము వదులుగా కట్టినచో తడిచీర బరువునకు నడుమ వంగును గాని మేకు కదలదు. చూడ చక్కగా నుండవలెనని వీణెతీగవలె బిగించి కట్టినచో, నడుమ నొక్క తడిచీర వేయగానే గోడలోని మేకు ఊడివచ్చును. చీర యొకటియే, త్రాడు నదియే. మేకు నూడబెఱికినది చీర బరువు గాదు, త్రాటి బిగువు.

నమ్మనివారు రెండు గుంజలనడుమ దారము కట్టి చూడవచ్చును. దారము వదులుగా నున్నప్పుడు నడుమ నీళ్లచెంబు వ్రేలాడదీసినచో మోయును. అదే దారమును బిగించి అదే చెంబు తగిలించినచో తెగును. నేను వంటయింట రెండు గుంజలకు కట్టి మా మరిదికి చూపితిని. చెంబు పడి నీళ్లొలికినవి, అతడు మాటాడలేదు.

మావారు పాఠశాలలో గణితము చెప్పుదురు గనుక పలకమీద లెక్క వ్రాసి యిచ్చిరి. త్రాటినడుమ మనిషి వ్రేలాడునప్పుడు త్రాటిలోని లాగుడు ఎంతయని తెలియవలెనన్నచో, మనిషి బరువును రెండు చెట్లనడుమ దూరముతో హెచ్చవేసి, త్రాడు నడుమ వంగిన లోతునకు నాలుగు రెట్లతో భాగింపవలెను. డెబ్బది కిలోల మనిషి తొంబది యడుగుల త్రాటినడుమ నున్నప్పుడు, త్రాడు నాలుగున్నర యడుగులు వంగినచో లాగుడు 350 కిలోలు. ఒక్క యడుగే వంగినచో 1,575 కిలోలు. అరయడుగు మాత్రమే వంగునట్లు బిగించినచో 3,150 కిలోలు! పావు అంగుళపు మంచి ఉక్కు తీగ ఇంచుమించుగా ఆ బరువుననే తెగును. బొత్తిగా వంగకయే బరువు మోయు త్రాడు లోకమున లేదు. పోతనగారి భాగవతమున అష్టమస్కంధములోని సముద్రమథనము చదివినవారికి, ఇరుప్రక్కల లాగబడు వాసుకి యవస్థ యిప్పుడు మఱికొంత బోధపడును.

కావున తీగబండికి వంపు దోషము గాదు, అదియే రక్ష. కన్నులకు వంకరగా దోచు తీగయే ప్రాణమునకు మేలు. పైగా వంగిన తీగమీద బండి సగము దాటిన కొంతదూరమునకు అన్నిటికంటె పల్లమునకు దిగి, అచ్చటనుండి కొంచెము మెట్టకెక్కును. ఆ యెక్కుటలో వేగము దానంతట నదియే తగ్గును.

ఇక పెట్టెలోని సామగ్రిని గూర్చి చెప్పెదను. ఇట్టి పెట్టె మీ యిండ్లలో తమ్ముడో మరిదియో తెచ్చినప్పుడు దేనికేమి గుణమో మీకు తెలిసియుండుట మంచిది.

అన్నిటికంటె అపాయమైనది, చూచుటకు అన్నిటికంటె మెత్తనిది, నైలాను లాగుడుత్రాడు. దిగబడిన జీపును కుదుపులేకుండ లాగుటకై దీనిని సాగునట్లు చేసిరి. కొన్ని నూటికి ముప్పదిపాళ్లవఱకు సాగును. జీపునకు అది సుగుణము. తీగబండికి అది దుర్గుణము. ఏలయన సాగిన త్రాటిపై పిల్ల నేలకు తగులును. అంతకంటె ఘోరమైన సంగతి మఱియొకటి కలదు. సాగిన త్రాడు లాగిపట్టిన వడిసెలవంటిది. ఒక కొన యూడినచో, ఆ కొననున్న ఇనుపముక్క రాయివలె దూసికొనిపోవును. బండ్లను లాగుచుండగా నిట్లెగిరిన ఇనుపకొక్కెములు తగిలి మరణించినవారు పరదేశములలో కలరు. అందువలన బిగియుచున్న త్రాటిపై బరువైన దుప్పటినో తడిగోనెనో వేయుదురు. త్రాడు తెగినచో అది నేలకణచును. బిగించునప్పుడు త్రాటి వరుసలో నెవ్వరును నిలువరాదు. నేను పిల్లలను మొదటినుండియు అరుగుమీదనే కూర్చుండబెట్టితిని.

రెండవది జీపుముందఱనుండు వించి. ఇది విద్యుచ్ఛక్తిచే త్రాటిని చుట్టుకొను రాట్నము. 9,500 పౌనుల వించి యనగా సుమారు 4,300 కిలోల వఱకు లాగగలది. అదియు త్రాడు చాలవఱకు విప్పి, రాట్నముపై నొక్క వరుస మాత్రమే యున్నప్పటి బలము. వరుసలు పేరుకొనినకొలది బలము తగ్గును. నాకు దీనిపై గల ఫిర్యాదు దాని బలహీనత గాదు, బలమే. చేతితో లాగు మనుష్యునకు చేయి నొచ్చును. ఇక చాలునని తెలియును. వించికి నొప్పి లేదు. మీట నొక్కినంతసేపు లాగుచునే యుండును. చెట్టు వేళ్లు కదలినవా లేదా యని అది విచారింపదు. మఱియు వించిని మనుష్యులను మోయుటకు వాడరాదని దానిని చేయువారే వ్రాయుచున్నారు. కావున తీగను కావలసినంత లాగుటకే దానిని వినియోగించి, తీగకొనను చెట్టునకు స్థిరముగా బిగించిన పిమ్మట జీపును విప్పి తోలివేయవలెను. జీపునే స్తంభముగా జేసి పిల్లలను జాఱనిచ్చుట తగదు. బండి జరుగును, ఎవరో తాళము త్రిప్పుదురు.

వించితో వచ్చు కృత్రిమపు త్రాడు ఉక్కుతో సమానమైన బలము గలది, నీటిపై తేలునంత తేలిక. కాని దానికి వేడిమి గిట్టదు. సుమారు 145 డిగ్రీలవద్ద కరగిపోవును. అంతకు చాల ముందే బలహీనపడును. గిలక వేగముగా దొరలుచు నాగినచోట రాపిడివేడి యంతయు నొక్కచోట చేరును. ఎండయు ఇసుకయు కూడ దానికి శత్రువులు. అది మిక్కిలి నునుపైనది గనుక ముడి జాఱును. ముడివేసినచో సగము బలముగూడ మిగులదు. కావున దానిని పెట్టెలోనే యుంచి, పట్టణమున ఇనుపసామాను దుకాణమునుండి పది మిల్లీమీటర్ల మందముగల, తుప్పుపట్టకుండ జింకుపూత పూసిన ఉక్కుతీగను తెప్పించితిమి. ఆ మందపు మంచి తీగ ఆఱు టన్నులకు పైబడిన లాగుడునకు గాని తెగదు. మనకు వలసినది 350 కిలోలు. ఇంత యెడముండుట వ్యర్థమని మా మరిది వాదించెను గాని, పిల్లల విషయమున యెడము వ్యర్థమని నే నొప్పుకొనను.

పెట్టెలో నాకు మిక్కిలి నచ్చినది చెట్టుపట్టీ. సుమారు మూడంగుళముల వెడల్పున నేసిన నాడా అది; రెండు కొనలయందును ఉచ్చులుండును. చెట్టునకు ఉక్కుతీగ నేరుగా చుట్టినచో బెరడును కోసికొనిపోవును. చెట్టునకు ఆహారము బెరడులోపలి పొరనుండియే వేళ్లకు దిగును. చుట్టును ఆ పొర తెగినచో చెట్టు కొంతకాలమునకు నిలువునఎండును. వెడల్పైన పట్టీ బరువును పంచుకొనును. షాకిల్లును మంచివే, ఇవి గుఱ్ఱపులాడము వంటి ఇనుపకొండ్లు, నోటికి మరచీల యుండును. ముప్పావు అంగుళపు దానిపై 4.75 టన్నులని అచ్చువేసియుండును. అచ్చులేని దానిని ముట్టవలదు. బండి లాగువారు మరచీలను బిగించి కొంచెము వెనుకకు త్రిప్పుదురు. లేనిచో తరువాత ఊడిరాదు. కాని నెలలతరబడి చెట్టున నుండవలసిన దానికి ఆ పద్ధతి పనికిరాదు. ఊగుచున్నప్పుడు మర తనంతట విప్పుకొనును. పూర్తిగా బిగించి, చీలతలనున్న రంధ్రమునుండి సన్ననితీగ దూర్చి కొండికి కట్టివేయవలెను. లాగుడు నిలువుననే యుండవలెను. ప్రక్కకు పడినచో షాకిల్ బలము సగమగును.

కప్పీయనునది ప్రక్కపలక తెరచి త్రాటిని పెట్టుటకు వీలైన బరువైన గిలక. దీనిని తీగకొనకు తగిలించి త్రాటిని జీపునకు మరల్చినచో లాగుడు రెట్టించును. బలము రెట్టించుచున్నదని సంతసించువారు, చెట్టునకు తగులు లాగుడుకూడ ఆ లెక్కననే పెరుగుననుట మఱచెదరు. బిగింపులో కొంతవఱకు ఇది యుపయోగపడినది. మా మరిది ఈ కప్పీనే తీగపై తీగబండి గిలకగా వాడవచ్చుననెను. అది మెల్లగా, బరువుగా లాగుటకు చేసినది. లోపల గుండ్లు లేవు. వేగముగా దొరలించినచో కాగి, యొఱసికొని పట్టివేయును. గుండ్లమీద తిరుగు రెండు చక్రముల బండి ఈ పనికే ప్రత్యేకముగా అమ్ముదురు. దానినే కొంటిమి.

చెట్ల సంగతి మీకు నేను చెప్పనక్కఱలేదు. మునగకొమ్మ నమ్మి యెవరును ఉయ్యాల కట్టరు. మొదలు అడుగుపైబడి మందముండి, పుట్టగొడుగులు, తొఱ్ఱలు, ఎండుకొమ్మలు లేని పచ్చి చెట్టు కావలెను. పట్టీ ఎంత యెత్తున కట్టిన వేళ్లకంత యెక్కువ కష్టము. పొడవైన గడతో రాతిని పెల్లగించునట్టిదే. వేపచెట్టు కొంచెము లేతదిగా దోచినందున వెనుకప్రక్క భూమిలో గుంజపాతి దానికి ఊతతీగ కట్టించితిమి.

తీగకొనను చెట్టుపట్టీకి తగిలించుటలో నొక మర్మము కలదు. తీగను లోహపు దొప్పచుట్టు త్రిప్పి ఉచ్చుగా మడచి, మూడు బిగింపులతో బిగింతురు. ఒక్కొక్క బిగింపునకు వంపుబోల్టొకటి, పళ్లదిమ్మ యొకటి యుండును. బరువు మోయు తీగపై పళ్లదిమ్మ యుండవలెను. మిగిలిన తోకపై వంపుబోల్టుండవలెను. తలక్రిందుచేసినచో వంపుబోల్టు మోయుతీగను నలిపి బలము తగ్గించును. చూచుటకు రెండు విధములును ఒక్కటిగానే యుండును. మా మరిది తెచ్చిన పనివాడు మూటిలో నొకదానిని తలక్రిందుగా బిగించెను. మావారు చూచి విప్పించిరి. మొదటిమాఱు బరువు వేసిన తరువాత మరలను మఱల బిగింపవలెను. బరువునకు తీగ సన్నగిలి బిగింపు వదులగును.

చింతచెట్టు కొన వేపచెట్టు కొనకంటె నాలుగడుగులు ఎత్తుగా తీగ నిలిచినది. అమ్మాయి పావడా సవరించుకొని వచ్చి నిలుచున్నది. నేను కాదంటిని. మొదట ఇసుకసంచి పోవలెను. ముప్పది కిలోల యిసుకను గోనెలో కుట్టి తగిలించితిమి. వేపచెట్టువద్ద ఆపుటకు ఇంకను ఏమియు కట్టలేదని మావారు చెప్పుచుండగనే, "వంపులో అదే ఆగుతుంది" అని మా మరిది సంచిని వదలివైచెను.

నాలుగడుగులు దిగిన వస్తువు, గాలిని రాపిడిని లెక్కింపనిచో, గంటకు సుమారు పదునేడున్నర కిలోమీటర్ల వేగముతో నుండును. కాగితముమీద అది సైకిలు వేగమే. సంచి చప్పుడులేకుండ పోయి వేపమొదలును కొట్టుకొనెను. గోనె పగిలి యిసుక జలజల రాలినది. ఎంత కట్టుదిట్టముగా కుట్టితిమో నాకు తెలియును. దబ్బనముతో రెండువరుసలు కుట్టితిని. అమ్మాయి చప్పట్లు ఆగిపోయినవి. అరుగుమీద కూర్చున్న అత్తగారు తాళపత్రపు విసనకఱ్ఱ నాపి, "ఆ సంచికి అమ్మ లేదు గనుక సరిపోయింది" అనిరి.

అటుపిమ్మట మూడు దినములు ఆపుటకొఱకే పనిచేసితిమి. తీగను మఱికొంత వదలి వంపు పెంచితిమి. వేపచెట్టునకు పదునైదడుగుల ముందుగా తీగపై జాఱు కొయ్యదిమ్మ నొకదానిని దూర్చి, దానికి లావైన రబ్బరుత్రాళ్లు రెండు కట్టి, వానికొనలను ప్రక్కనున్న రెండు గుంజలకు బిగించితిమి. బండి వచ్చి దిమ్మను తాకగా రబ్బరు సాగుచు మెల్లగా నాపును. రబ్బరు మరల వెనుకకు ఈడ్చును గనుక దిమ్మకు సన్ననిత్రాడు కట్టి నొక పెద్దవాడు పట్టుకొని నిలుచును. ఇవి రెండును తప్పినప్పటికొఱకు వేపమొదలునకు పాతపరుపు చుట్టి, దానిముందు రెండు టైర్లు వ్రేలాడదీసితిమి. వెల్స్ నవలలోని సంచి మా తోటకు ఇట్లు వచ్చినది. ముప్పది కిలోల సంచి పదిమాఱులు పోయినది. తరువాత పెద్దవాని బరువునకు రెట్టింపు, నూటనలువది కిలోలు, మెల్లగా నడుమకు లాగి యొక రాత్రి యుంచితిమి. తెల్లవాఱి చూడగా పట్టీలు, గుంజ, బిగింపులు కదలలేదు. అప్పుడు మా మరిది మొదట జాఱెను. అతని మొగమున పిల్లవాని సంతోషమే కనబడినది.

పడుట యనునది మొదటి యపాయమంటిని గదా. చేతులతో పిడిపట్టి వ్రేలాడుటకు మా యింట సెలవు లేదు. చెమటపట్టిన చిన్నచేతులు వేగములో నిలువవు. నడుమునకు తొడలకు పట్టు నాడాకట్టు వేసి, దానిని బండికి తగిలించి, పీటపై కూర్చుండబెట్టవలెను. చేయి వదలినను పిల్ల పడదు. పీట పల్లపుచోట నేలకు రెండుమూడడుగులకు మించి యెత్తున లేకుండ తీగను అమర్చితిమి. క్రింద రాళ్లు ఏరివేసి వరిగడ్డి పఱచితిమి. తలకు సైకిలువారి టోపీ.

ఇక మగవారికి తోచనివి రెండుమూడు కలవు. ఆడపిల్ల జడ గిలకలో పడినచో తలచర్మమే యూడవచ్చును. జడ మడచి ముడివేసి టోపీక్రింద దోపవలెను. కుప్పెలు, రిబ్బనులు విప్పవలెను. వోణీ, పమిట, మెడలోని గొలుసు పనికిరావు. గాజులు తీయవలెను. మా యమ్మాయి పావడాకు బదులు తమ్ముని లాగు తొడుగుకొనినది. అత్తగారు మొదట మూతి విఱిచిరి; గిలక చూపగా తామే జడముడివేసి పంపిరి. చేతిని తీగపై బండికి ముందు ఎప్పుడును వేయరాదని పిల్లలచేత పాఠమువలె చెప్పించితిని. నేపాళపు తుయిన్లలో వ్రేళ్లు పోవుట అట్లే. తీగను తడవి చూచువారు తోలుతొడుగు వేసికొనవలెను; తెగిన పోగు ముల్లువలె లేచి గ్రుచ్చుకొనును. అట్టి ముండ్లు కొన్ని ఒక్కచోటనే కనబడినచో ఆ తీగ చెడినదని యెఱుగునది.

ఆ వేసవియందు ప్రతి ప్రొద్దున పిల్లలు లేవకమునుపే మావారును నేనును పట్టీలు, చీలలు, బిగింపులు, రబ్బరు చూచి, ఖాళీసంచి నొకమాఱు పంపి, పిమ్మట పీట తగిలించెడివారము. పెద్దవారు తోటలో లేనప్పుడు బండిని తీగనుండి తీసి బీరువాలో పెట్టి తాళము వేసితిమి. తీగ చెట్టుననున్నను బండిలేక జాఱుటకు వీలులేదు. పొరుగుపిల్లల మధ్యాహ్నపు సాహసములకు ఇదియే మందు. ఒక్కొక్కమాఱున కొక్కరే. ఆగినవారు ప్రక్కకు తొలగి చేయి యెత్తినగాని రెండవవారు కదలరాదు. వీధిలోని పిల్లలు తల్లులను వెంటబెట్టుకొని వచ్చిరి. వారిలో ఇద్దఱు తల్లులుకూడ జాఱిరి, పేర్లు వ్రాయవలదన్నారు.

తొలకరి పడగానే తీగను దింపి నూనెగుడ్డతో తుడిచి చుట్టగాచుట్టి కొట్టములో వ్రేలాడదీసితిమి. పట్టీలు విప్పి చూడగా చింతచెట్టున మచ్చయైనను లేదు. వేపచెట్టున పట్టీ మడతపడినచోట వ్రేలెడు వెడల్పున బెరడు నలిగియున్నది. రాబోవు వేసవికి అచ్చట పట్టీక్రింద నిలువుగా కొయ్యబద్దలు పేర్చి, పట్టీని జానెడు పైకి కట్టవలెనని మా మరిది చెట్టుపై సున్నముతో గుర్తుపెట్టి పోయినాడు.